గోడలో ఉన్న జబ్బు

గుండెపోటు ఎలా వస్తుందని ఎవరిని అడిగినా దాదాపు ఒకే జవాబు వినబడుతుంది. కుళాయి గొట్టంలో తుప్పు పేరుకున్నట్టు గుండెకు రక్తం తెచ్చే నాళంలో కొవ్వు పేరుకుంటుందనీ, దారి ఏటికేడు సన్నబడుతుందనీ, చివరికి ఒకనాడు పూర్తిగా మూసుకుపోతుందనీ చెబుతారు. ఈ లెక్కన 90 శాతం పూడిక ఉన్నవాడికి గండం దగ్గర పడినట్టు, 30 శాతం ఉన్నవాడు నిశ్చింతగా ఉండొచ్చు. పూడిక తీసేస్తే గండం గడిచినట్టే. చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒకేలా నమ్మే ఈ వర్ణన గత 40 ఏళ్ల పరిశోధన ముందు నిలబడలేదు. గుండె ధమనుల జబ్బు పుట్టేదీ, ఏళ్ల తరబడి పెరిగేదీ, చివరికి ప్రాణం మీదికి తెచ్చేదీ నాళం గోడలోనే. రక్తం పారే దారి ఇరుకు కావడం ఆ జబ్బు ఆలస్యంగా బయటపెట్టే గుర్తుల్లో ఒకటి. ఆ గుర్తు కనబడకుండానే గుండెపోటు వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది ఉన్నారు. కాబట్టి గుండె స్కానింగును ఇరుకు కొలవడానికే వాడితే దాని విలువలో పెద్ద భాగాన్ని వదులుకుంటున్నాం. గోడను చూడాలి, అక్కడ కనబడినదాన్ని బట్టి మందులు నిర్ణయించాలి. ఈ మాటను ఊహగా కాక లెక్కలతో చెప్పగలుగుతున్నామంటే, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో కార్డియాలజీ ప్రొఫెసర్ డేవిడ్ న్యూబీ, ఆయన సహచరులు స్కాట్లండ్‌లో చేసిన పని అందుకు ఒక ముఖ్య కారణం.

పాత నమ్మకం ఊరికే పుట్టలేదు. మన చేతికి మొదట అందిన పరికరం దేన్ని చూపిందో దాన్నే జబ్బు అనుకున్నాం. 1958లో అమెరికాలోని క్లీవ్‌లండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే వైద్యుడు ఒక యువకుడి గుండె కవాటాన్ని పరీక్షిస్తుండగా, కాథెటర్ అనే సన్నని గొట్టం కొన జారి, బృహద్ధమనిలోకి పోవలసిన రంగుమందు గుండెకు రక్తం తెచ్చే కుడి కరొనరీ ధమనిలోకి పోయింది. అంత మందు నేరుగా ఆ సన్నని నాళంలో పడితే మనిషి దక్కడని అప్పటి వైద్యుల భయం. గుండె కొద్ది క్షణాలు ఆగింది. సోన్స్ చెప్పగా రోగి గట్టిగా దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. ఆ ప్రమాదంలోంచే, బతికున్న మనిషి కరొనరీ ధమనిని కొమ్మలతో సహా చూసే పద్ధతి పుట్టింది. ఈనాటి యాంజియోగ్రామ్ అదే. 1967లో అదే ఆస్పత్రిలో రెనే ఫవలోరో కాలి సిరతో బైపాస్ ఆపరేషన్లు మొదలుపెట్టాడు. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ ఇరుకైన ధమనిలో బెలూన్ ఉబ్బించి దారి వెడల్పు చేశాడు, అదే యాంజియోప్లాస్టీ. తరవాతి దశాబ్దంలో స్టెంట్లు వచ్చాయి. ఈ చికిత్సలన్నీ యాంజియోగ్రామ్ బొమ్మ మీదే ఆధారపడ్డాయి. ఎంత గొప్ప పరీక్ష అయినా యాంజియోగ్రామ్ తీసేది రంగుమందు నీడను. రక్తం పారే దారి మాత్రమే అందులో పడుతుంది. గోడ ఎంత మందంగా ఉందో, ఆ మందంలో ఏముందో పడదు.

ఆ లోటు ఎంత పెద్దదో మొదట పసిగట్టినవాళ్లు శవపరీక్షలు చేసే పాథాలజిస్టులు. షికాగోలో సీమోర్ గ్లాగోవ్ బృందం చనిపోయిన 136 మంది గుండెలు తీసుకుని ఎడమ ప్రధాన కరొనరీ ధమనిని అడ్డంగా కోసి కొలిచింది. 1987లో ప్రచురించిన ఫలితం చాలామంది కార్డియాలజిస్టులను ఆలోచనలో పడేసింది. గోడలో కొవ్వు, కణాలు, పీచు పదార్థం కలిసి ప్లాక్ పెరుగుతుంటే ధమని చేతులు ముడుచుకుని కూర్చోదు, బయటివైపుకు సాగుతుంది. ధమని విస్తీర్ణంలో సుమారు 40 శాతాన్ని ప్లాక్ ఆక్రమించేదాకా లోపలి దారి పెద్దగా తగ్గకపోవచ్చు. అంటే జబ్బు బాగా ముదిరిన ధమని కూడా యాంజియోగ్రామ్‌లో నున్నగా, ఏ లోపమూ లేనట్టు కనబడగలదు. గుండెపోటుతో చనిపోయినవారి ధమనుల్లో పాథాలజిస్టులు చూసిన ఇంకో సంగతి దీనికి తోడైంది. చాలా కేసుల్లో ప్లాక్ మెల్లమెల్లగా పెరిగి దారి మూసేయలేదు. ప్లాక్ లోపల మెత్తని కొవ్వు ముద్ద, దానిమీద పలచని పొర ఉన్నాయి. ఆ పొర చిట్లింది, లోపలి పదార్థం రక్తానికి తగిలింది, చూస్తుండగానే రక్తం గడ్డకట్టి దారి మూసుకుంది. ముఖ్యంగా స్త్రీలలో, పొగతాగేవారిలో పొర చిట్లకుండానే దాని పైపూత చెదిరి గడ్డ కట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1988లో విలియం లిటిల్ బృందం గుండెపోటుకు ముందూ తరవాతా యాంజియోగ్రామ్ తీసి ఉన్న 42 మందిని పరిశీలించింది. వారిలో కొత్తగా ధమని మూసుకుపోయినవారు 29 మంది. ఆ 29 మందిలో 19 మందికి, ఆ తరవాత మూసుకుపోయిన ధమనిలో మొదటి పరీక్షనాటికి ఉన్న ఇరుకు 50 శాతం కన్నా తక్కువే.

ఈ లిటిల్ అధ్యయనాన్ని గుడ్డిగా పట్టుకుని, చిన్న పూడికలే ప్రమాదమనీ పెద్దవాటికి భయపడనక్కర లేదనీ చెప్పేవాళ్లూ ఉన్నారు. అది సరికాదు. రెండు పరీక్షల మధ్య చాలాకాలం గడిచినప్పుడు ఆ చిన్న ఇరుకు ఈలోపు పెరిగి ఉండొచ్చు. పైగా ఒక్కొక్కదాన్ని విడిగా తీసుకుంటే బాగా ఇరుకైన చోటే ప్రమాదం ఎక్కువ, అక్కడ ప్లాక్ కూడా ఎక్కువ కాబట్టి. కాకపోతే తేలికపాటి ప్లాక్‌లు ఉన్నవారి సంఖ్య చాలా పెద్దది, అందువల్ల మొత్తం గుండెపోట్లలో వారి వాటా కూడా పెద్దదవుతుంది. బ్రిటన్‌లో కరొనరీ సీటీ స్కాన్ తీసిన 40,091 మందిని అనుసరించి 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఓర్ఫాన్ అధ్యయనం దీన్ని కళ్లకు కట్టింది. వారిలో సుమారు 81 శాతం మందికి రక్తాన్ని అడ్డగించేంత పూడిక లేదు. అయినా ఆ తరవాత సంభవించిన గుండెపోటు, గుండె వైఫల్యం, గుండె మరణాల వంటి పెద్ద ఘటనల్లో మూడింట రెండు వంతులు వారికే జరిగాయి. గుండె మరణాల్లో సుమారు 64 శాతం కూడా వారివే. పూడిక లేదు, ఇంటికి వెళ్లండి అని పంపే పద్ధతిలో ఎంతమంది చేయి జారిపోతున్నారో ఈ అంకెలు చెబుతాయి.

గొట్టం వర్ణనే నిజమైతే, ఇరుకును తెరిస్తే గుండెపోట్లు తగ్గాలి. దీన్ని నేరుగా పరీక్షించారు. 2007లో వచ్చిన కరేజ్ పరిశోధనలో నిలకడగా ఉన్న ధమనుల జబ్బుతో 2,287 మందిని రెండు గుంపులుగా చీటీ పద్ధతిలో విడదీశారు. ఒక గుంపుకు మంచి మందులు, ఇంకో గుంపుకు అవే మందులతోపాటు యాంజియోప్లాస్టీ ఇచ్చారు. మరణాల్లో గాని, గుండెపోట్లలో గాని తేడా రాలేదు. ఆ రోగుల జబ్బు తేలికైనదేమోనన్న సందేహం మిగిలింది. దాన్ని తీర్చడానికి, గుండెకు పని పెంచి చూసే ఒత్తిడి పరీక్షలో రక్తప్రసరణ లోపం గట్టిగా కనబడిన 5,179 మందితో ఇస్కీమియా పరిశోధన జరిగింది. మన దేశపు ఆస్పత్రులు కూడా అందులో పాల్గొన్నాయి. 2020లో వచ్చిన దాని ఫలితం కూడా అదే. స్టెంటుగానీ బైపాస్‌గానీ ముందే చేసినందువల్ల గుండెపోటు, మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అలాగని స్టెంట్ పనికిరాదనడం మరో తప్పు. గుండెపోటు జరుగుతున్న ఘడియలో మూసుకున్న నాళాన్ని తెరవడం ప్రాణం నిలబెడుతుంది. నడిస్తే వచ్చే ఛాతీ నొప్పిని మందులు లొంగదీయనప్పుడు స్టెంట్ ఉపశమనం ఇస్తుంది. ఎడమ ప్రధాన ధమని బాగా పూడినవారి సంగతి వేరు, వారిని ఇస్కీమియా పరిశోధనలో చేర్చుకోలేదు. నిలకడగా ఉన్న మిగతావారిలో మాత్రం ఒకచోట దారి తెరిచినంత మాత్రాన జబ్బు తగ్గదు, ఎందుకంటే అది ధమనుల పొడవునా గోడల్లో పరుచుకుని ఉంది.

గోడను చూడాలంటే యాంజియోగ్రామ్‌కు భిన్నమైన బొమ్మ కావాలి. బ్రిటన్‌లోని ఈఎంఐ సంస్థలో ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సీటీ యంత్రం 1971లో లండన్‌లోని ఒక ఆస్పత్రిలో మొదటి రోగి మెదడును చిత్రించింది. మెదడు కదలదు కాబట్టి ఒక్కో పొరకు నిమిషాలు పట్టినా చెల్లింది. గుండె అలా కాదు. నిమిషానికి 70 సార్లు కొట్టుకునే అవయవం మీద, 2 నుంచి 4 మిల్లీమీటర్ల వెడల్పున్న నాళాలను మసక లేకుండా పట్టుకోవాలి. అందుకు సెకనులో మూడో వంతు, నాలుగో వంతు కాలంలో ఒక చుట్టు తిరిగే యంత్రాలు, ఒకేసారి 64 పొరలు తీసే డిటెక్టర్లు రావలసి వచ్చింది. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో అవి అందుబాటులోకి వచ్చాయి. స్కాన్‌కు ముందు బీటా బ్లాకర్ మాత్రతో గుండె వేగాన్ని 60 దరిదాపులకు తెస్తారు. నాలుక కింద నైట్రోగ్లిసరిన్ ఇచ్చి నాళాలను కొంచెం వెడల్పు చేస్తారు. చేతి సిరలోకి అయోడిన్ రంగుమందు ఎక్కించి, ఈసీజీని చూసుకుంటూ రెండు స్పందనల మధ్య గుండె నెమ్మదించిన క్షణంలో చిత్రం తీస్తారు. సీటీలో ప్రతి బిందువుకూ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1,000, కొవ్వుకు సుమారు మైనస్ 100, కాల్షియానికి వందల్లో. అందుకే ఈ బొమ్మలో దారితోపాటు గోడ కూడా మాట్లాడుతుంది. గట్టిపడిన కాల్షియం తెల్లగా మెరుస్తుంది, 30 కన్నా తక్కువ అంకె చూపే చోట మెత్తని కొవ్వు ముద్ద ఉందని అర్థం. చిట్లిపోయే పలచని పొర మాత్రం సీటీకి అందదు. అది మిల్లీమీటరులో పదో వంతుకన్నా పలచన, సీటీ చూడగలిగేది సుమారు అర మిల్లీమీటరు.

న్యూబీ బృందం ఇక్కడ వేసిన ప్రశ్నలోనే వారి పని గొప్పతనం ఉంది. కొత్త స్కానర్ వచ్చినప్పుడు మామూలుగా దాని బొమ్మ పాత పరీక్ష బొమ్మతో ఎంతవరకు సరిపోతుందో చూసి, సరిపోతే వాడేస్తారు. వీళ్లు అక్కడ ఆగలేదు. ఈ స్కాన్ తీయించుకున్న మనిషికి ఏళ్ల తరవాత మేలు జరుగుతుందా అని అడిగారు. పశ్చిమ ఐరోపాలో గుండె జబ్బు బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో ఒకటైన స్కాట్లండ్‌లో, ఛాతీ నొప్పితో 12 ఆస్పత్రుల క్లినిక్‌లకు వచ్చిన 4,146 మందిని 2010 నుంచి 2014 దాకా చేర్చుకున్నారు. దీని పేరు స్కాట్-హార్ట్. సగం మందికి ట్రెడ్‌మిల్ పరీక్షతో సహా మామూలు వైద్యం, మిగతా సగానికి దానితోపాటు సీటీ. ఆరు వారాల్లోనే సీటీ గుంపులో 27 శాతం మంది విషయంలో, ధమనుల జబ్బు ఉందా లేదా అన్న వైద్యుల నిర్ణయం మారింది. మామూలు వైద్యం గుంపులో అలా మారినది 1 శాతమే. అయిదేళ్ల ఫలితం 2018లో వచ్చింది. మామూలు వైద్యం గుంపులో 3.9 శాతం మందికి, సీటీ గుంపులో 2.3 శాతం మందికి గుండెపోటు రావడమో, గుండె ధమనుల జబ్బుతో మరణించడమో జరిగింది. 2025లో పదేళ్ల ఫలితం ప్రచురించారు. అవి 8.2 శాతం, 6.6 శాతం. నూటికి ఒకరిన్నర తేడా చిన్నదిగా కనబడొచ్చు. ఒక స్కాన్ ఒక్కసారి తీసినందుకు పదేళ్ల తరవాత కూడా తేడా మిగలడం వైద్య చిత్రణ చరిత్రలో అరుదు.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? సీటీ గుంపులో ఎక్కువమందికి స్టెంట్లు వేసినందువల్ల కాదు. అయిదేళ్ల చివరికి రెండు గుంపుల్లోనూ యాంజియోగ్రామ్‌లు, స్టెంట్లు, బైపాస్‌లు దాదాపు సమానం. సీటీ గుంపులో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, ఆస్పిరిన్ వంటి నివారణ మందులు కొత్తగా మొదలుపెట్టినవారు 19.4 శాతం, రెండో గుంపులో 14.7 శాతం. విమర్శకులు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నారు. మందుల్లో 5 శాతం కూడా లేని తేడా గుండెపోట్లను అయిదేళ్లలో 41 శాతం ఎలా తగ్గిస్తుందని వారి ప్రశ్న. ఎవరికి స్కాన్ జరిగిందో రోగికీ వైద్యుడికీ తెలుసు కాబట్టి ఫలితం అటు మొగ్గిందేమోనని ఇంకో అనుమానం. రెండూ న్యాయమైన ప్రశ్నలే. 41 శాతం అన్న అంకె చుట్టూ గణాంకాల ప్రకారం ఉన్న హద్దులు 16 నుంచి 59 శాతం దాకా విస్తరించాయి. పదేళ్ల లెక్కలో తగ్గుదల 21 శాతానికి దిగింది. కాబట్టి మొదటి అంకెను అక్షరాలా పట్టుకోకూడదు. అయితే మందుల మొత్తం సంఖ్యను పోల్చడం అసలు సంగతిని కప్పేస్తుంది. సీటీలో ధమనులు శుభ్రంగా కనబడినవారికి అనవసరపు మందులు ఆపేశారు, గోడలో జబ్బు కనబడినవారికి మొదలుపెట్టారు. ట్రెడ్‌మిల్ మీద అంచనా వేసిన గుంపులో మందు అవసరమైనవాడికి అందకపోవడం, అక్కర్లేనివాడు మింగడం రెండూ జరిగాయి. సంఖ్య దాదాపు అదే అయినా, మందు చేరిన మనుషులు వేరు. గుండెపోటు అన్నది రక్తపరీక్షతో, ఈసీజీతో నిర్ధారించే ఘటన. రోగికి స్కాన్ సంగతి తెలిసినంత మాత్రాన అది వచ్చినట్టో రానట్టో మారిపోదు. స్కాన్ సంగతి తెలియడం వల్ల రోగి మందులు శ్రద్ధగా వేసుకుని ఉంటే, అది పరీక్షకు కలిగిన మేలులో భాగమే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం అమెరికా నుంచి వచ్చింది. ప్రామిస్ అనే పరిశోధనలో 10,003 మందిని సీటీ గుంపు, ఒత్తిడి పరీక్షల గుంపు అని విడదీసి సుమారు రెండేళ్లు చూశారు. చెడు ఘటనలు 3.3 శాతం, 3.0 శాతం. తేడా లేదు. 2015లో స్కాట్-హార్ట్ మొదటి ఫలితం, ప్రామిస్ ఫలితం రెండూ ఒకే ఏడాది రావడంతో సీటీకి ప్రత్యేక గొప్పతనమేమీ లేదని కొందరు తేల్చేశారు. నా అంచనాలో ఇది తొందరపాటు. ప్రామిస్‌లో ఒత్తిడి పరీక్షల గుంపులో ఎక్కువమందికి చేసింది న్యూక్లియర్ స్కాన్లు, అంటే అక్కడ మామూలు ట్రెడ్‌మిల్ కన్నా మెరుగైన పరీక్షతో పోటీ. నివారణ మందు పనిచేయడానికి ఏళ్లు పడుతుంది, స్కాట్-హార్ట్‌లో కూడా రెండేళ్లలోపు లెక్కలో తగ్గుదల ఉన్నా అది గణాంకాల గీటురాయిని దాటలేదు. పైగా ప్రామిస్ సమాచారాన్నే తరవాత విశ్లేషిస్తే, ఎవరికి ముప్పు వస్తుందో ముందే చెప్పడంలో సీటీ మెరుగని తేలింది. కారణం, అడ్డగించని పూడికలను కూడా అది చూడగలగడమే. 2016లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్, కొత్తగా ఛాతీ నొప్పితో వచ్చి గుండె జబ్బు అనుమానం ఉన్నవారికి మొదటి పరీక్షగా సీటీనే సూచించింది.

గోడను చూడటం మొదలుపెట్టాక ఆశ పెరిగింది. ఏ ప్లాక్ చిట్లబోతోందో ముందే వేలుపెట్టి చూపగలమా? ఎడిన్‌బరోలో న్యూబీ, మార్క్ డ్వెక్, వారి సహచరులు ఇందుకు ఎంచుకున్నది ఎముకల స్కాన్‌లో 1960ల నుంచి వాడుతున్న సోడియం ఫ్లోరైడ్. దానిలోని ఫ్లోరిన్-18 రేడియోధార్మికత సుమారు 110 నిమిషాల్లో సగమవుతుంది. కాల్షియం కొత్తగా స్ఫటికాలుగా మారుతున్న చోట అది అతుక్కుంటుంది. రేడియోధార్మికతను పట్టుకునే పెట్ స్కానర్ ఆ చోటును వెలుగుగా చూపుతుంది. పెట్‌లో సాధారణంగా వాడే గ్లూకోజు మందు ఇక్కడ పనికిరాదు, గుండె కండరమే దాన్ని పీల్చుకుని పక్కనున్న ధమనిని కప్పేస్తుంది. ఏళ్లనాటి గట్టి కాల్షియం చల్లారిన జబ్బుకు గుర్తు, ఇప్పుడిప్పుడే పుడుతున్న సూక్ష్మ కాల్షియం రగులుతున్న జబ్బుకు గుర్తు. 2014లో ఈ బృందం లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో గుండెపోటు వచ్చిన 40 మందిలో 37 మందికి, గుండెపోటు తెచ్చిన ప్లాక్ దగ్గరే వెలుగు అత్యధికంగా ఉంది. నిలకడైన ఛాతీ నొప్పి ఉన్న మరో 40 మందిలో 45 శాతం మందికి కూడా ఎక్కడో ఒకచోట అలాంటి వెలుగు కనబడింది. జబ్బు ఉన్న చోటునే కాక అది రగులుతోందో లేదో కూడా బతికున్న మనిషిలో చూడగలగడం నిజంగా అద్భుతం.

అద్భుతమైనంత మాత్రాన ఆశ నెరవేరదు. గుండెపోటు వచ్చి కోలుకున్న 704 మందిలో ఇదే పద్ధతిని పరీక్షించిన ఫలితం 2023లో వచ్చింది. గుండె మరణం, గుండెపోటు, ముందు అనుకోకుండా స్టెంట్ లేదా బైపాస్ చేయవలసి రావడం అన్న మూడింటినీ కలిపిన ముఖ్య ఫలితంలో, వెలుగు ఉన్నవారికీ లేనివారికీ స్పష్టమైన తేడా రాలేదు. గుండె మరణం, గుండెపోటు మాత్రమే తీసుకుంటే వెలుగు ఉన్నవారిలో 11 శాతం, లేనివారిలో 7 శాతం. శాస్త్ర నియమం ప్రకారం ముఖ్య ఫలితం తప్పినప్పుడు రెండో ఫలితాన్ని సూచనగానే తీసుకోవాలి, రుజువుగా కాదు. 2011 నాటి ప్రాస్పెక్ట్ అధ్యయనం ఇంతకుముందే ఇలాంటి హెచ్చరిక ఇచ్చింది. ధమని లోపలికే అల్ట్రాసౌండ్ పంపి పలచని పొర ఉన్న ప్లాక్‌లు 595 గుర్తిస్తే, మూడేళ్ల పైచిలుకు కాలంలో వాటిలో ముప్పు తెచ్చినవి 26 మాత్రమే. ప్లాక్‌లు చిట్లుతాయి, చాలాసార్లు ఏ నొప్పీ లేకుండా మానుతాయి కూడా. ఏది ఎప్పుడు చిట్లుతుందో చెప్పగల కన్ను ఇంకా రాలేదు, దాన్ని పట్టుకుని ముందస్తుగా స్టెంట్ వేయాలనడం తగదు. ఎవరి ధమనుల్లో ఇలాంటి ప్లాక్ మొత్తం ఎక్కువగా ఉందో చెప్పడం మాత్రం సాధ్యమే. మిషెల్ విలియమ్స్ నాయకత్వంలో 2020లో స్కాట్-హార్ట్ సీటీలను కొలిచినప్పుడు, మెత్తని కొవ్వు ప్లాక్ 4 శాతం మించినవారికి గుండెపోటు అవకాశం దాదాపు అయిదు రెట్లు ఉంది. ప్లాక్ జాతకం చెప్పలేం గాని మనిషి ముప్పును అంచనా కట్టగలం. మాత్ర కూడా ఒక్క ప్లాక్‌కు కాదు, మనిషి మొత్తానికి పనిచేస్తుంది. కాబట్టి ఈ పరిమితి చికిత్సకు అడ్డం రాదు.

ఇంత ఖర్చెందుకు, నలభై దాటిన అందరికీ స్టాటిన్ ఇచ్చేస్తే పోదా అని అడిగేవారున్నారు. మందు చవకే, మేలు కూడా నిజమే. కాని గోడ శుభ్రంగా ఉన్నవాడు దశాబ్దాలపాటు మాత్ర మింగితే దక్కేది చాలా తక్కువ. జబ్బు ఉందని కళ్లారా చూడనివాడు కొన్నాళ్లకు ఆపేయడం మామూలే. దీనికి ఎదురుగా ఇంకో కోరిక ఉంది, అందరికీ స్కాన్ తీయించాలని. డెన్మార్క్‌లో 65 నుంచి 74 ఏళ్ల పురుషులు 46,611 మందితో చేసిన డాంకావాస్ పరిశోధనలో, సీటీతో సహా పలు పరీక్షలకు పిలిచిన గుంపులో అయిదేళ్ల పైన మరణాలు 12.6 శాతం, పిలవని గుంపులో 13.1 శాతం. ఈ తేడా గణాంకాల గీటురాయికి కొద్దిలో అందలేదు. స్కాట్-హార్ట్ ఫలితం ఛాతీ నొప్పితో వచ్చినవారిది, ఏ బాధా లేనివారికి దాన్ని యథాతథంగా అంటగట్టకూడదు. వారి కోసం స్కాట్-హార్ట్ 2 అనే పరిశోధన నడుస్తోంది. స్కాన్‌కు ఖరీదు కూడా ఉంది. స్కాట్-హార్ట్‌లో సీటీ యాంజియోగ్రామ్ రేడియేషన్ మోతాదు మధ్యస్థంగా 4.1 మిల్లీసీవర్ట్లు, ప్రకృతి నుంచి మనిషికి సగటున ఏడాదికి అందేది సుమారు 2.4. అయోడిన్ మందు కిడ్నీలు బలహీనమైనవారికి ఇబ్బంది. ఊపిరితిత్తుల్లో కనబడే చిన్న మచ్చ వెంట మరిన్ని పరీక్షలు పడతాయి.

ఇదంతా స్కాట్లండ్ సంగతి అని మనం పక్కన పెట్టలేం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53, మిగతా దేశాలవారికి 58.8. మనకు అయిదారేళ్లు ముందే ముప్పు వస్తోంది. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో కరొనరీ సీటీ ఇప్పుడు అందుబాటులో ఉంది. ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో కలిపి అమ్మడమూ చూస్తున్నాం. ఏ బాధా లేని మనిషికి ఇది తప్పనిసరి పరీక్ష అని చెప్పే ఆధారం ఇంకా లేదు. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఛాతీ పట్టేస్తూ ఆగితే తగ్గేవారికి మాత్రం ఆధారం గట్టిగా ఉంది. అలాంటివారు వైద్యుడిని కలిసి సీటీ గురించి అడగాలి. ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి లేచి తగ్గకపోతే సీటీ కోసం ఎదురుచూడకూడదు, వెంటనే ఈసీజీ తీసే ఆస్పత్రికి చేరాలి. సీటీ రిపోర్టు చేతికి వచ్చాక శాతం ఎంత అన్న ఒక్క అంకె దగ్గర ఆగకండి. గోడలో ప్లాక్ ఉందా, ఎంత మేర ఉంది, మెత్తనిదా, గట్టిపడినదా అని మీ డాక్టరుగారిని అడగండి. ప్లాక్ ఉండి దారి ఇరుకు కాలేదంటే స్టెంట్ అక్కర్లేదన్న మాట నిజమే, మందు అక్కర్లేదన్న మాట నిజం కాదు. స్టాటిన్ మొదలుపెట్టినవారు, బాగానే ఉన్నాం కదా అని సొంతంగా ఆపేయవద్దు. మందు వేసుకుంటున్నా తరవాతి స్కాన్‌లో, ధమనుల్లో కాల్షియం ఎంతుందో చెప్పే కాల్షియం స్కోరు పెరిగిందని బెంబేలు పడనక్కర లేదు. మెత్తని ప్లాక్ గట్టిపడేటప్పుడు అలా పెరగడం స్టాటిన్ వేసుకునేవారిలో తరచూ కనిపించేదే.